సున్నిపిండీ, ఒక సందేహమూ

ఒంటికి పిండి రాసుకోవడంలో కూడా న్యాయాన్యాయాలు ఉంటాయా అని మీరు నవ్వొచ్చు. నవ్వండి, ఫరవాలేదు. నేనూ చాలా ఏళ్ళు నవ్వి ఊరుకున్నదాన్నే. నలభై దాటాక ఏమవుతుందో తెలీదు గానీ, అంతకు ముందు కంటికి ఆనని చిన్న సంగతులు అర్ధరాత్రి లేపి కూచోబెడతాయి. పెసరపిండి డబ్బా మూత తీసినప్పుడల్లా నాకో సందేహం కలుగుతుంది. అదేమిటో ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతకాదు. మా అవ్వ దగ్గర్నించి రావాలి.

మైపాడు సముద్రానికి రెండు మైళ్ళు ఇవతల మా ఊరు. నెల్లూరు జిల్లాలో ఆ తీరం వెంబడి కాపురాలున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు - అక్కడి గాలి ఊరికే వీచి పోదు, ఒంటికి అంటుకుంటుంది. సాయంత్రమయ్యేసరికి మెడ మీదా మోచేతుల మీదా సన్నగా ఉప్పు జిడ్డు. తలుపు గడియలు తుప్పు పడతాయి, అప్పడాలు మెత్తబడతాయి, ఎండన పడి ఆడుకునే పిల్లలు నల్లబడతారు. మొదటి రెండింటికీ ఎవరూ పెద్దగా విచారించేవాళ్ళు కాదు. మూడోదానికి మాత్రం ప్రతి ఆదివారం మా పెరట్లో చికిత్స జరిగేది.

అవ్వ సున్నిపిండి చెయ్యడం ఓ చిన్న పండగ. పెసలు, కాసిని శనగలు, బియ్యపు నూకలు, మెంతులు, పసుపు కొమ్ములు, ఎండిన నారింజ తొక్కలు. పచారీ కొట్లో కాగితం పొట్లాల్లో కట్టించి తెచ్చిన కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్ళు. అన్నీ చాప మీద రెండెండలు ఎండబెట్టి, తిరగలి ముందు కూచునేది. విసిరింది జల్లెడ పట్టి, మెత్తటిది మొహానికనీ, బరకది ఒంటికనీ విడి విడి డబ్బాల్లో పోసేది. మేం పక్కన కూచుని తుమ్మేవాళ్ళం. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నేను ఎనిమిదేళ్ళ పిల్లనైపోతాను.

ఇందులో అవ్వకో నియమం ఉండేది. తినడానికి పనికొచ్చేది ఏదీ ఒంటికి పోకూడదు. పెసలు పాత డబ్బా అడుగునవి, నూకలు బియ్యం చెరగగా వచ్చినవి, పెరుగు నోట పెట్టలేనంత పులిసింది. మీగడ కాస్త వాడేది గానీ, అదీ పాలు విరిగిన రోజుది. "అన్నం మొహాన పూసుకునేంత కొవ్వు మనకెక్కలేదు" అనేది. ఈమధ్య ఫోనుల్లో చూపిస్తున్నారు చూడండి, తేనె రెండు చెంచాలు, బాదం పప్పులు పది, చిక్కటి పాలు అరగ్లాసు, అంతా కలిపి మొహానికి పట్టించి పావుగంట తరవాత కడిగేసెయ్యమని - అవి చూసినప్పుడల్లా అవ్వ ఉంటే ఏమనేదో అనుకుంటాను. ఏమనేదో నాకు తెలుసు గానీ పత్రికలో రాయడానికి బాగుండదు.

అవ్వ గురించి ఇంకొక్కటి చెప్పాలి. మా తాత చాలా ముందే పోయాడు. ఆ రోజుల్లో మా వైపు భర్త పోయిన ఆడది మొహానికి పసుపు రాసుకోవడం లేదు. కూరలో వెయ్యొచ్చు, దెబ్బ తగిలితే పిల్లల మోకాలికి అద్దొచ్చు, పక్కింటి పేరంటాలి కాళ్ళకి కలిపి ఇవ్వొచ్చు. తన చెంపకి తాకించుకోకూడదు. మా ఇద్దరికీ రుద్ది లేచేసరికి ఆవిడ అరచేతులు రెండూ పచ్చగా మెరిసేవి. వెంటనే బావి దగ్గరికి పోయి బూడిదతో తోముకునేది. అంత తొందరేమిటో నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు ఆ చేతులే ముందు గుర్తొస్తాయి.

పసుపు మాట వచ్చింది గనక ఇదీ చెప్పేస్తాను. 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం వైద్యశాలకి, పసుపుతో గాయాలు మాన్పే పద్ధతి మీద పేటెంటు ఇచ్చారు. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి వాళ్ళు అడ్డు చెప్పి, పాత సంస్కృత గ్రంథాలూ, 1953 నాటి ఒక వైద్య పత్రికలోని వ్యాసమూ సాక్ష్యం చూపించి 1997లో దాన్ని రద్దు చేయించారు. పేపర్లో చదివి మేమంతా సంబరపడ్డాం. పసుపు దెబ్బకి మంచిదని అవ్వకి ఎప్పుడో తెలుసు కదా అని నేనంటే మా నాయన, "తెలుసు. కానీ అవ్వ అరచేతులు కోర్టులో దాఖలు చెయ్యలేం గదమ్మా" అన్నాడు.

మేం ఇద్దరం అక్కచెల్లెళ్ళం. నేను అమ్మ పోలిక, కాస్త పచ్చగా ఉంటాను. చెల్లెలు నాయన పోలిక, నలుపు. బంధువులు మర్యాదకి 'చామనఛాయ' అనేవాళ్ళు గానీ, నలుపే. ఆదివారం పొద్దున అవ్వ పెరట్లో పీట వేసేది. ముందు నా వంతు. నువ్వుల నూనె పట్టించి, పిండి రాసి, నాలుగు రుద్దులు రుద్ది "ఇంక నువ్వు పో" అనేది. తరవాత చెల్లెలు. ఇహ చూసుకోండి! మెడ వెనకాల, చెవుల వెనకాల, మోకాళ్ళు, మోచేతులు, మడమలు. ఎండి రాలిపోతే మళ్ళీ తడిపి మళ్ళీ. నేను నీళ్ళు పోసుకుని, జుట్టు ఆరబెట్టుకుని, ఇడ్లీలు తిని వచ్చినా అది పీట మీదే ఉండేది.

అప్పుడు నేనేమనుకునేదాన్నో చెప్పనా? నాకు సంతోషంగా ఉండేది. నాలుగు రుద్దులతో సరిపోయే పిల్లని నేను. ఆ మాట ఎవరూ నాతో అనలేదు. అనక్కర్లేకపోయింది.

ఓ ఆదివారం పట్టపుపాలెం నించి చేపలక్క వచ్చింది. వారంలో రెండు మూడు సార్లు గంపెత్తుకుని వచ్చేది ఆమె. మనిషి నల్లగా, పొడుగ్గా, దూలంలా ఉండేది. ఉప్పునీళ్ళకీ ఎండకీ చేతులు బీటలు వారి, వేళ్ళ సందుల్లో పొలుసులు మెరుస్తూ ఉండేవి. గంప దించి నడుం మీద చెయ్యేసుకుని కాసేపు చూసింది.

"ఏందవ్వా, పిల్లకి చేపకి పొలుసు తీసినట్టు తీస్తా ఉండావే!"

"నీకేం తెలుసే. రేపు దీనికి పెళ్ళి కావద్దా?"

"నాకు కాలేదా ఏంది? నన్ను చూడు, పెనం అడుగు మాదిరి ఉండా. నా మొగుడు నన్ను చేసుకోలా?" అని గలగలా నవ్వింది. నవ్వి, పక్కనున్న గిన్నెలోకి వంగి చూసి, "ఆ మీగడేదో లోపలికి పోయించు. బిడ్డ లోపల్నించే మెరస్తాది" అంది.

అవ్వ జవాబు చెప్పలేదు. ఆమె వెళ్ళాక మాత్రం, "మాటలకేం, కోటలు దాటతాయి" అని సణిగి, చెల్లెలి మోచెయ్యి మళ్ళీ అందుకుంది.

ఆ ఏడే కార్తీకంలో కాబోలు, ముసురు పట్టి పది రోజులు పడవలు సముద్రం మీదికి పోలేదు. చేపలక్క ఖాళీ చేతుల్తో వచ్చి వాకిట్లో నిలబడింది. ఏమీ అడగలేదు. అవ్వ లోపలికి వెళ్ళి నూకల డబ్బా మొత్తం ఆమె ఒళ్ళో వంచింది. ఆ నెల మా సున్నిపిండిలో బియ్యం లేవు. "పిండి జారిపోతుందేమే అవ్వా" అని నేను అడిగితే, "జారితే జారనీ" అంది. తిండికీ ఒంటికీ మధ్య ఏది ముందో అవ్వకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ప్రశ్న ఆవిడ అంత సునాయాసంగా తేల్చేసింది గనకే, రెండోది, అంటే ఆ నలుపూ తెలుపూ సంగతి, ఎందుకు తేల్చలేకపోయిందా అని నాకు ఆశ్చర్యం.

ఇక్కడ మీకు తమాషా ఒకటి చెబుతాను. అవ్వ పొట్లం కట్టించి తెచ్చే ఆ బావంచాలు ఉన్నాయే, వాటిలో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. బొల్లి మచ్చలకి మన వైద్యులు ఎప్పట్నించో వాడేది ఆ గింజలే. రాసి ఎండ తగిలిస్తే తెల్లబడ్డ చోట తిరిగి రంగు పుట్టిస్తాయి. అంటే నలుపు తెచ్చే గింజని నలుపు పోవడానికి వేసి విసిరింది మా అవ్వ! వేసేది చిటికెడు గనకా, వెంటనే కడిగేస్తాం గనకా ఏమీ అయ్యేది కాదు గానీ, ఆ గింజ ఎంత నవ్వుకునేదో.

అసలు రంగు కథ అంతా అలాంటిదేనట. మనుషులందరి చర్మంలోనూ రంగు తయారుచేసే కణాలు దాదాపు ఒకే లెక్కన ఉంటాయట. అవి చేసే మెలనిన్ ఎంత, ఎలాంటిది అన్నదాన్ని బట్టే ఒకరు నలుపూ ఒకరు తెలుపూ. ఆ మెలనిన్ ఎండకి పట్టే గొడుగు. గంప నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నం ఇసకలో నడిచే మనిషికి ప్రకృతి పెద్ద గొడుగిచ్చింది. మేడలో కూచునే మనిషికి చిన్నదిచ్చింది. రంగు పుట్టేది లోపలి పొరలో. పిండి చేరేది పైన ఉన్న చచ్చిన పొర వరకే. ఆ పొర ఎలాగూ నెల తిరిగేసరికి తనంతట తనే రాలిపోతుంది. పిండి దాన్ని కాస్త ముందు రాల్చి జిడ్డు తీస్తుంది. రెండ్రోజులు మొహం తేటగా కనిపిస్తుంది. అంతే. ఇరవై ఏళ్ళు రుద్దినా గొడుగు రంగు మారదు.

ఇదంతా అవ్వకి తెలిసుంటే మానేసేదా? మానేసేది కాదనే నా నమ్మకం.

మరి 'నలుపు నారాయణుడు మెచ్చు' అని సామెత చెప్పేదీ మనమే. రాముడు నీలమేఘశ్యాముడు, కృష్ణుడు పేరులోనే నలుపు, ద్రౌపదికి కృష్ణ అని పేరు. పూజగదిలో నలుపుకి హారతి ఇచ్చి, పెళ్ళిచూపుల గదిలో దానికే వంక పెడతాం. దేవతలకి కూడా ఈ బాధ తప్పలేదు లెండి. శివుడు ఓసారి పార్వతిని 'కాళీ' అని వేళాకోళం చేశాడట. ఆవిడకి రోషం వచ్చి, వెళ్ళి తపస్సు చేసి, ఆ నల్లటి పొరని విడిచేసి బంగారు రంగుతో గౌరి అయి తిరిగొచ్చింది. ఒక్కో పురాణం ఒక్కోలా చెబుతుంది గానీ, నాకు నచ్చింది ఆ విడిచేసిన పొర సంగతి. అది ఊరికే పోలేదు, కౌశికి అనే దేవి అయి శుంభ నిశుంభుల్ని చంపింది. అంటే పార్వతి మొగుడి మాట కోసం వదిలించుకున్నదే లోకానికి అక్కరకొచ్చింది! ఈ కథని మగవాళ్ళు చెప్పినప్పుడు తపస్సు దగ్గర ఆగుతారు. నేనైతే ఆ పొర దగ్గర ఆగుతాను.

మా చెల్లెలి పెళ్ళిచూపులు నెల్లూరులో మా మేనమామ ఇంట్లో జరిగాయి. పిల్లవాడి తరఫు పెద్దావిడ ఒకావిడ ఎంతో ఆప్యాయంగా దాన్ని పక్కన కూచోబెట్టుకుని, చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూనే మణికట్టు దగ్గర బొటనవేలితో రుద్ది చూసింది. పౌడరేమోనని. ఎవరూ చూడలేదనుకుంది. నేను చూశాను. ఆ బొటనవేలు చూడగానే నాకు ఆదివారాలు గుర్తొచ్చాయి. అవ్వ బొటనవేలు కూడా సరిగ్గా అక్కడే, అలాగే తిరిగేది కదా! ఆ సంబంధం కుదరలేదు. తరవాత మంచి సంబంధమే కుదిరింది, అది ఇప్పుడు హైదరాబాదులో బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేస్తోంది, అదంతా వేరే కథ. నేను మాత్రం ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నాకు ఆడపిల్ల పుడితే దాని ఒంటి మీద పిండి పడనివ్వను.

నాకు ఆడపిల్లే పుట్టింది. అచ్చం దాని పిన్ని రంగు.

పురిటి స్నానాలు చేయించడానికి వచ్చిన ముసలమ్మ పిండి కలుపుతుంటే గిన్నె లాగేసుకున్నాను. సబ్బు, నీళ్ళు, తువ్వాలు - అంతటితో సరి. మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. "పిల్లకి నలుగెట్టకుండా పెంచుతారా ఎవరైనా?" అన్నారు. నేను చదువుకున్నదాన్ని, నవలలు రాసేదాన్ని, నా మాటే నెగ్గింది. ఐదేళ్ళు రాగానే దాని స్నానం అది చేసుకోవడం నేర్పాను. ఎవరైనా మా ఇంట్లో రంగు మాట ఎత్తితే వాళ్ళకి రెండో కప్పు కాఫీ ఉండేది కాదు. నా గురించి నాకు చాలా గొప్పగా ఉండేది, చెప్పొద్దూ!

దానికి పధ్నాలుగో ఏడు. బళ్ళో వార్షికోత్సవం, డాన్సు. వారం రోజులు ఎండలో రిహార్సళ్ళు. ఓ సాయంత్రం మొహానికి చున్నీ చుట్టుకుని ఇంటికొచ్చి గదిలో తలుపేసుకుంది. బతిమాలి తీయించి చూద్దును గదా, రెండు చెంపలూ కందిపోయి, అక్కడక్కడా బొబ్బలెక్కి ఉన్నాయి. ఫోనులో చూసి నిమ్మరసంలో వంటసోడా కలిపి నాలుగు రోజులుగా రోజూ పొద్దున్నే పూసుకుంటోందట. స్నానాల గదిలో. నాకు తెలీకుండా. 'వారంలో తెల్లబడటం' అని దాని పేరట.

డాక్టరుగారు చూసి పెదవి విరిచారు. నిమ్మరసం బాగా పులుపు, సోడా దానికి సరిగ్గా విరుద్ధం, రెండూ చర్మానికి పడవుట. పైగా నిమ్మ తొక్కలోనూ రసంలోనూ బావంచాల్లో ఉండే జాతి పదార్థమే ఉంటుందట. అది పూసుకుని ఎండలో నిలబడితే చర్మం కాలుతుంది, కాలిన చోట నల్ల మచ్చ పడుతుంది, పోవడానికి నెలలు పడుతుంది అన్నారు. తెల్లబడటానికి పూసుకున్నది నల్లబరిచింది! చూశారా, అవ్వ గింజ మళ్ళీ నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను.

"నీకెవరే చెప్పారు తెల్లబడాలని? ఈ ఇంట్లో ఎవరైనా ఒక్కమాట అన్నారా?" అని అడిగాను.

"ఇంట్లో ఎవరూ అన్లేదమ్మా. ఇంట్లో ఎవరూ ఏమీ అనరు" అంది.

ఆ రెండో వాక్యం ఉంది చూశారూ, అది నా ఒళ్ళో పడి అలాగే ఉండిపోయింది.

నిజమే. నేను మా ఇంటి తలుపు ఒకటి మూశాను. అవతల తలుపులెన్ని! ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలోకి 1975లో వచ్చింది. 2020లో పేరులోంచి ఆ 'ఫెయిర్' అన్న మాట తీసేసి గ్లో అండ్ లవ్లీ అన్నారు. నడుమ నలభై అయిదేళ్ళు. మూడు తరాల ఆడపిల్లలు అద్దం ముందు నిలబడడానికి అది చాలు. సినిమాల్లో కథానాయిక, పెళ్ళి ప్రకటనల్లో 'తెల్లని, అందమైన', చుట్టాలిళ్ళలో 'అయ్యో పిన్ని పోలిక వచ్చిందే' - ఇవన్నీ దాని దగ్గరికి వస్తూనే ఉన్నాయి. నా దగ్గర్నించి మాత్రం ఏమీ వెళ్ళలేదు. తీర్పు వెళ్ళలేదు సరే. చెయ్యీ వెళ్ళలేదు.

ఆ రాత్రి చెల్లెలికి ఫోను చేసి ఏడ్చాను. అంతా విని అది మెల్లగా అంది: "అక్కా, నువ్వు నా కోసం కోపం తెచ్చుకుంటావని తెలుసు గానీ, నన్నెప్పుడూ అడగలేదు నువ్వు."

"ఏమని?"

"ఆ పీట మీద నాకెలా ఉండేదని. ఆ గంటసేపూ అవ్వ ఇంకెవరిదీ కాదు, నాదే. నువ్వు ఇడ్లీలకి వెళ్ళిపోయేదానివి. నాకు కథలు చెప్పేది. పార్వతమ్మ నలుగు పిండి తీసి పిల్లాణ్ణి చేసిన కథ ఎన్ని సార్లు చెప్పిందో! రాలిన పిండి నా చేతికిచ్చి, నువ్వూ ఒకణ్ణి చెయ్యవే అనేది. బోలెడు మంది వినాయకుల్ని చేశాను. బావి గట్టు మీద పెడితే కాకులు తినేవి."

నేను నోరు వెళ్ళబెట్టుకుని విన్నాను. "మరి నిన్ను తెల్లగా చెయ్యాలని రుద్దుతోందని నీకు తెలీలేదా?"

"తెలీకేం? తెల్లగా చెయ్యాలని చూస్తోందనీ తెలుసు. చెయ్యి వెచ్చగా ఉందనీ తెలుసు. రెండూ తెలుసు. ఇప్పటికీ రెండూ గుర్తున్నాయి. పెళ్ళిచూపుల్లో ఆవిడ రుద్దినప్పుడు నాకు అవ్వ గుర్తు రాలేదక్కా, నీకొచ్చిందేమో. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది."

ఇదీ నా సందేహం. ఇరవై ఏళ్ళు నేను దాని తరఫున మోసిన కోపం దానిది కాదు. అలాగని అవ్వ చేసింది ఒప్పనీ అనలేను. ఆ గంటసేపటి ప్రేమ ఆ పిల్లకి అందింది దాని రంగు వల్లనే కదా! 'నీలో సరిచెయ్యాల్సింది ఉంది' అనే మాట లేకపోతే ఆ చెయ్యి అంతసేపు అక్కడ ఉండేదే కాదు. నాకు నాలుగు రుద్దులే దక్కాయి, చూడండి. మనిషి ప్రేమించేటప్పుడు ఇలా సరిచేస్తూనే ప్రేమిస్తుందా? మనం పిల్లల జుట్టు దువ్వుతాం, లెక్కలు దిద్దుతాం, నడక దిద్దుతాం, ఇంకో ముద్ద తినమంటాం. ప్రతి దానిలోనూ 'నువ్వు ఉన్నట్టు చాలవు' అన్నది చిటికెడు ఉంటుంది. పిండిని జల్లెడ పట్టొచ్చు. దీన్ని పట్టే జల్లెడ ఎక్కడ దొరుకుతుంది?

నేను చేసింది ఏమిటి మరి? జల్లెడ లేదు గనక పిండే వద్దని గిన్నె పారేశాను. నా చేతులు శుభ్రంగా ఉన్నాయి. అవ్వ మాత్రం పసుపు అంటిన చేతుల్తో బావి దగ్గరికి పరిగెత్తింది. ఎవరి తప్పు పెద్దదని మీరు అడిగితే, నా చెంప మీద బొబ్బ లేదు, పిల్ల చెంప మీద ఉంది, అంతవరకే చెప్పగలను. మా వారు, "నువ్వు ప్రతిదానికీ ఇంత లోతుకి పోతావేమిటి, పిల్లలన్నాక ఏదో చేస్తారు" అన్నారు. మగవాళ్ళ చర్మం మందం, అది వేరే సంగతి.

మచ్చలు తగ్గడానికి ఆరు నెలలు పట్టింది. తగ్గాక ఓ ఆదివారం, డాక్టరుగారిని అడిగే, పెసరపిండీ బియ్యప్పిండీ చిటికెడు పసుపూ కలిపాను. కచ్చూరాలు వేశాను, వాసన కోసం. బావంచాలు వెయ్యలేదు, నిమ్మకాయ జోలికి అసలే పోలేదు. అవ్వ నియమం తప్పకుండా పెసలు పాత డబ్బా అడుగువే తీశాను. మా పెరడు ఇప్పుడు పెరడులా లేదు, ఊరి చుట్టూ పొలాలు కాస్తా రొయ్యల గుంటలయ్యాయి, బావి నీళ్ళు ఉప్పనై ఎవరూ తోడడం లేదు. కానీ పాత పీట అటక మీద దొరికింది. సెలవులకి మా ఊరు వెళ్ళినప్పటి మాట ఇది.

పిల్ల పీట మీద కూచుంది, అనుమానంగా. వీపుకి నూనె రాశాను. పదేళ్ళు దాటింది ఆ వీపు నా చేతికి తగిలి. ఎముకలు ఎక్కడెక్కడున్నాయో మళ్ళీ నేర్చుకోవాల్సొచ్చింది.

"అమ్మా, ఇది రుద్దితే తెల్లబడతానా?"

"పడవు."

"కొంచెం కూడా?"

"ఊహూఁ."

"మరెందుకు?"

నాకు చాలా పెద్ద జవాబులు తోచాయి. నవలా రచయిత్రిని కదా! ఏవీ నోటికి రాలేదు. "జిడ్డు పోతుంది" అన్నాను.

అది నవ్వింది. కాసేపు ఏం మాట్లాడలేదు. నేను మెడ వెనకా, చెవుల వెనకా రుద్దుతూ, నా బొటనవేలు మణికట్టు దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక్క క్షణం ఆగాను. ఎంత గట్టిగా రుద్దుతున్నానో నాకే తెలియలేదు. మెల్లగా రుద్దాను. మరీ మెల్లగా రుద్దితే చక్కిలిగింతలని గొడవ చేసింది. రాలిన పిండి గుప్పెట్లో పోగేసి వినాయకుణ్ణి చెయ్యవే అంటే, "నాకు పదిహేనేళ్ళమ్మా" అంది గానీ, తొండం మాత్రం బాగా చేసింది.

తరవాత అదే లేచి, గిన్నె అందుకుని, "ఇటు తిరుగు" అంది.

"నాకెందుకే?"

"జిడ్డు పోతుంది" అంది.

నా వీపు ఎవరైనా రుద్ది ఎన్నాళ్ళయిందో లెక్కేసుకుంటే తేలలేదు. పెళ్ళినాడు అనుకుంటాను. దాని చేతులు చిన్నవే గానీ బలం ఉంది, దాని పిన్ని చేతుల్లాంటివి. భుజాల దగ్గర మొదలెట్టి పట్టుదలగా కిందికి వస్తోంది. వెనక్కి తిరిగి చూద్దును, అరచేతులు రెండూ పచ్చగా ఉన్నాయి.

"మెల్లగానే," అన్నాను, "చేపకి పొలుసు తీసినట్టు తీస్తా ఉండావే!"